తొలిపూత ఎవరిది?

గిరిపాలెం రాజ్యంలో పొరుగు రాజ్యపు విత్తనం తెచ్చి వేస్తే మొక్కజొన్న ఏపుగా పెరిగేది. పొత్తు కూడా కట్టేది. ఆకు ఒలిచి చూస్తే మాత్రం బోసినోరే, గింజ ఉండేది కాదు. "నల్లకొండ రాకాసి శాపం" అన్నాడు రాజు. రాజు అన్నాడు కాబట్టి జనమూ అదే అన్నారు.

ఆ ఊళ్లో పైడి అనే పిల్ల ఉండేది. ఆమె తమ్ముడు సూరి ఆకలికి ఆగలేక నల్లకొండ ఎక్కి, రాకాసి చేలో తీపి పొత్తు ఒకటి దొంగిలించాడు. రాకాసి వాణ్ణి చిలకను చేసింది. చిలక ఎగిరొచ్చి అక్క భుజం మీద వాలింది. పైడి ఏడుస్తూ కూర్చునే రకం కాదు. చిలకను బుట్టలో పెట్టుకుని బయలుదేరింది. దారికి అడ్డం నిలిచిన ఎలుగుకు తేనెపట్టు చూపించింది. పొంగిన ఏటిని దుంగ పట్టుకుని దాటింది. కొండెక్కేసరికి రాకాసి చేనికి నీళ్లు పెడుతోంది.

"నా తమ్ముణ్ణి మనిషిని సెయ్యి" అంది పైడి.

"దొంగకి అంత తేరగానా? గింజ నిండిన పొత్తు నీ పెరట్లో నీ సేత్తో పండించి తినిపించు. మంచు దిగేలోగా కాకపోతే ఆడింక సిలకే."

"మా గింజలు మింగేది నువ్వే కదేటి!"

రాకాసి పొట్ట పట్టుకుని నవ్వింది. "నాకేటి పని? ఇక్కడ పని సేస్తా, కళ్లెట్టి సూడు."

పైడి పనిచేస్తూ చూసింది. మొక్కలు ఒక్క బారుగా లేవు, గుంపుగా ఉన్నాయి. వాటి నెత్తిన పూత విచ్చితే ఎవరూ కోయలేదు. గాలి కొట్టినప్పుడు ఆ పూత నుంచి పసుపుపచ్చని పొడి రాలి, కింది పొత్తుల పీచు మీద పడింది. పొడి అందిన పోగుకల్లా ఒక గింజ పట్టింది.

పైడికి ఒళ్లు మండింది. గిరిపాలెంలో తొలిపూత రాజుగారిది. పూత విచ్చీ విచ్చకముందే భటులు ప్రతి మొక్క తల కోసి కోటకు తోరణాలు కట్టేవారు. శాపమట, శాపం!

రాకాసి ఇచ్చిన గుప్పెడు విత్తనాన్ని పైడి ఇంటికి తెచ్చి పెరట్లో గుంపుగా నాటింది. నీళ్లు మోసింది, కాకుల్ని తోలింది.

"ఇంకెన్నాళ్లే అక్కా? జాంపళ్లు తిని తిని నోరు పుల్లబడిపోనాది" అని చిలక సతాయించింది.

"దొంగతనానికెల్లేటప్పుడు తెలీదేటి? నోర్ముయ్."

పూత కనబడగానే భటులు కొడవళ్లతో దిగారు. "తప్పుకోయే పిల్లా, తొలిపూత దొరది!"

"ఇది కోస్తే నా తమ్ముడు సిలకగానే సస్తాడు. ముందు నన్ను కొయ్యి."

"రాజుకే ఎదురా?"

"రాజుకి తోరణం, మనకి బోసిపొత్తులు. నీ పిల్లలేటి తింటన్నారో సెప్పు!"

ముందున్న భటుడి కొడవలి పూత దగ్గరే ఆగింది. ఇరుగుపొరుగు వచ్చి కంచె చుట్టూ నిలబడ్డారు. అంతలో గాలి లేచింది. పచ్చపొడి పీచు మీదా రాలింది, భటుడి మీసాల మీదా రాలింది. వాడు కొడవలి దించాడు.

పీచు ఎండి నల్లబడ్డాక పైడి గింజ గిల్లింది. పాలు చిమ్మాయి. మంచు ఇంకా దిగలేదు. ఉడికిన పొత్తు చివరి గింజ మింగగానే చిలక ఈకలు రాలి, సూరి ఎదుట నిలబడ్డాడు.

"ఇంకోటుందా?" అన్నాడు.

మరుసటి పంటకు రాజు ఎంత పిలిచినా పూత కోయడానికి ఒక్క భటుడూ కదల్లేదు. అందరూ తమ తమ పెరళ్లలో పూతకు కాపలా ఉన్నారు. మాట చెల్లని రాజు ఊరు విడిచి పోయాడు. జనం పైడిని గద్దెక్కమన్నారు.

"కూకుంటాను" అంది పైడి. "మొక్కలకి నీళ్లెట్టొచ్చినాక."