ఎమిల్‌కి ఎవరూ చెప్పలేదు

చీకటి పడ్డాక మా ఊరి పాత బేస్‌బాల్ మైదానం వైపు ఎవరూ పోయేవాళ్ళు కాదు. మొక్కజొన్న లారీల వాళ్ళు కూడా దూరమైనా సరే, వాగు దారినే చుట్టూ తిరిగి పోయేవాళ్ళు. అక్కడ ఆటగాళ్ళ బెంచీ మీద ఎమిల్ కుబిచెక్ ఇంకా కూచునే ఉండేవాడట...

ఒకప్పుడు నెబ్రాస్కాలో వీట్‌ల్యాండ్ లీగ్ అని ఒకటుండేది. పెద్ద లీగుల్లోకి ఎక్కలేకపోయిన కుర్రాళ్ళతో మాలాంటి చిన్న ఊళ్ళు కొన్ని కలిసి పెట్టుకున్నది. రెండు వేసవులు కూడా బతికి బట్టకట్టలేదు పాపం. మొదటి ఏడు బ్యాండు మేళాలు, రెండో ఏడు కరువు. ఒక్కో ఊరూ చేతులెత్తేసింది. చివరికి ఒక సాయంత్రం మా ఊళ్ళో ఆట నడుస్తుండగానే, లీగ్ మూసేశామని ఫోనొచ్చింది.

ఆ పూట బంతి విసురుతున్నది ఎమిల్. ఆట చివరికొచ్చినా ఎదుటివాళ్ళకి ఒక్క హిట్టూ ఇవ్వలేదు. ఇంకొక్క ఇన్నింగ్స్ మిగిలింది, అదీ అలాగే గడిస్తే విసిరేవాడికి జీవితంలో ఒక్కసారి దక్కే ఘనత. అలాంటప్పుడు విసిరేవాడితో సొంత జట్టువాళ్ళు మాట్లాడరు... పక్కన కూడా కూచోరు. నోరు విప్పితే దిష్టి తగులుతుందని వాళ్ళ పట్టింపు.

అంపైర్ మాస్కు తీసి వెళ్ళిపోయాడు. జట్టువాళ్ళు సంచులు సర్దుకుని ఒక్కొక్కరే జారుకున్నారు. చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. పక్కవాడు చెబుతాడులే అనుకున్నారు. ఎమిల్ మాత్రం — వీళ్ళు పట్టింపు పాటిస్తున్నారనుకుని — బెంచీ చివర కదలకుండా కూచున్నాడు. తెల్లారి చూస్తే అక్కడే చనిపోయి ఉన్నాడు. గుండె ఆగిందన్నాడు డాక్టరు.

ఎమిల్ విసిరే బంతుల్ని పట్టేవాడు మా లైల్ మామయ్య. చెప్పాల్సింది ఆయనే. అప్పట్నుంచీ ఆ మనిషికి కంటినిండా నిద్ర లేదు. జట్టులో మిగతావాళ్ళంతా ఒకరి తరవాత ఒకరు కాలం చేశారు, ఈయనొక్కడే మిగిలాడు. ఆ తరవాతది నెటీ అత్త నాతో చెప్పిన మాటే.

ఆ మైదానాన్ని దున్నేస్తారనగా ముందురోజు రాత్రి మామయ్య మంచం మీద లేచి కూచున్నాడు.

"ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను, నెటీ."

అత్త కారు తీసింది. గేటు దగ్గర ఆపి లైట్లార్పింది. ఆకు కదలడం లేదు. మామయ్య లోపలికి వెళ్ళాడు... వెళ్ళినంతసేపు పట్టలేదు, తిరిగొచ్చేశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఉన్నాడా?"

"ఉన్నాడు."

"చెప్పావా?"

"ఎలా చెప్పను... ఆట ఇంకా అవలేదుగా."

అత్తకి ఒళ్ళు మండింది. "కాటికి కాళ్ళు చాపుకున్నావు, ఇంకా ఆ పిచ్చి వదల్లేదు. నాకే పట్టింపులూ లేవు. కదలకుండా కార్లో కూచో."

మోకాలెత్తు గడ్డి. రేకుల కప్పు కింద బెంచీ. దాని చివర... టోపీ కళ్ళ మీదికి లాక్కుని ఒక మనిషి.

"ఎమిల్," అంది అత్త గుసగుసగా. "లీగ్ ఎత్తేశారు నాయనా. ఆ సాయంత్రమే ఎత్తేశారు. నీకు చెప్పకుండా అందరూ వెళ్ళిపోయారు. తప్పు మా ఆయనది. ఆయన్ని వదిలెయ్యి... నువ్వూ ఇంటికెళ్ళు."

టోపీ మెల్లగా పైకి లేచింది.

"వెళ్ళిపోయారా?" అన్నాడు. "మరి వీళ్ళంతా ఎవరు, వదినా?"

అత్త బెంచీ రెండో కొస వైపు చూసింది. జట్టంతా వరసగా కూచుని ఉంది — అందరూ తను సమాధి దాకా వెళ్ళి సాగనంపినవాళ్ళే. ఎవరూ మాట్లాడటం లేదు. ఎవరూ ఎమిల్ వైపు చూడటం లేదు. వాళ్ళ మధ్యలో ఒక్క మనిషికి సరిపడా చోటు వదిలి ఉంది.

వెనక గడ్డిలో అడుగుల చప్పుడు... కార్లో ఉండమన్న లైల్ మామయ్య, అత్తని దాటుకుని ఆ ఖాళీ వైపు నడుస్తున్నాడు.

"లైల్," అని పిలిచిందావిడ.

ఆయన వెనక్కి తిరిగి, నోటి మీద వేలుంచుకున్నాడు.