ఏడు అడుగుల మార్కు

మా గిరి బావ సౌండ్ రికార్డిస్టు. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడంటే పక్క గదిలో బల్లి తోక ఆడించినా వింటాడు. అలాంటి మనిషిని భయపెట్టడం ఎంత తేలికో చెప్పక్కర్లేదు. చిన్నప్పటి నుంచీ నాకదే సరదా. ఆ రోజు కూడా అంతకు మించి నాకే ఉద్దేశమూ లేదు.

కోల్‌కతాకి రైలు దూరంలో ఉన్న మా రైల్వే ఊళ్ళో, పూరీ గేట్ అనే పేట దగ్గర, ఖాళీ చేయించిన పాత రైల్వే క్వార్టర్లు ఒక వరస ఉన్నాయి. అందులో ఒకదాంట్లో మా వెబ్ సిరీస్ షూటింగు. మధ్యాహ్నం మూడు గంటలు, బయట మండే ఎండ. వెనక వీధిలో ఎవరో దీదీ ఆవనూనెలో చేప వేయిస్తోంది. యార్డులో వ్యాగన్లు ఒకదానికొకటి తగిలి ధన్‌మంటున్నాయి. లోపల మాత్రం నడిరాత్రి. సీను రాత్రిది కాబట్టి కిటికీలన్నిటికీ నల్లగుడ్డ కొట్టి, అంచులకు టేపు వేసి, వెలుతురన్నది చొరబడకుండా గదిని బిగించేశారు. పైన ఒక్క నీలం లైటు, వెన్నెల కోసం. గాలి కదలదు. తడిసిన సున్నం వాసన, గబ్బిలాల వాసన.

సీను చిన్నది. తల్లి వేషం వేస్తున్న ప్రియదర్శిని గారు వంటింటి గుమ్మంలోంచి దీపం పట్టుకుని నడిచి వస్తారు. కెమెరాకి నాలుగు అడుగుల దూరంలో ఆగి దీపం ఊదేస్తారు. ఐదున్నర రైలుకి ఆవిడ వెళ్ళిపోవాలి. ఉన్నది ఒక్క టేకుకే టైము.

ఆ ఒక్క టేకులో ఫోకస్ పట్టాల్సింది నేను.

కోల్‌కతా నుంచి తెప్పించిన ఆ సినిమా కెమెరా సంగతి మీకు తెలియదు. లెన్సు పూర్తిగా తెరిచి నాలుగు అడుగుల్లో మనిషిని పెడితే కనురెప్ప వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు, చెవి మాత్రం మసకైపోతుంది. మనిషి నడుస్తుంటే ఆ స్పష్టత కూడా ఆ మనిషితో పాటే నడవాలి. దాన్ని నడిపించేది నా చేతిలోని వైర్‌లెస్ చక్రం. అసలు ఫోకస్ పుల్లర్‌కి డెంగ్యూ వచ్చి పడుకుంటే, రెండేళ్ళుగా లెన్సు పెట్టెలు మోస్తున్న నన్ను నిలబెట్టారు. కెమెరామన్ ఆదర్శ్ గారు పొద్దున్నే చెప్పేశారు, కోపంగా కూడా కాదు. షాట్ మసకైతే రేపు కోల్‌కతా నుంచి వేరే ఫోకస్ పుల్లర్ రైలు దిగుతాడు, నువ్వు మళ్ళీ పెట్టెల దగ్గరికే, వాణీ. అతనొచ్చాడంటే ఇక ఆ చక్రం నా చేతికి రాదని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు.

ప్రియదర్శిని గారి కోసం నేల మీద రెండు ఎర్ర టేపు మార్కులు పెట్టాను. పన్నెండు అడుగుల దగ్గర ఒకటి, నాలుగు దగ్గర ఒకటి. చేతిలో పసుపు టేపు కూడా ఉంది. ఎదురుగా బావ ఉన్నాడు. ఇంకేం కావాలి? ఆ రెంటికీ మధ్య, ఏడు అడుగుల దగ్గర, ఇంకోటి అంటించాను.

"అదెవరిదే?" అన్నాడు బావ.

"ఇంటాయనది."

"ఏటే, మళ్ళీ మొదలెట్టినావా?"

మొదలుపెట్టాను. ఈ ఇంట్లో వర్క్‌షాప్ ఫిట్టరొకాయన ఉండేవాడని, జన్మలో ఒక్క ఫొటో కూడా తీయించుకోలేదని, పెన్షన్ కాగితాలకి ఫొటో కావాలంటే తల దువ్వుకుని బయల్దేరి, ఇదిగో ఈ గుమ్మంలోనే కూలిపోయాడని చెప్పాను. అంతా అప్పటికప్పుడు అల్లిందే. ఆ ఇంట్లో ఎవరుండేవారో నాకు తెలియదు, ఇప్పటికీ తెలియదు.

"ఏడు అడుగులు. టేపు పెట్టి కొలిసినాను," అన్నాను గొంతు తగ్గించి. "కాస్త మర్యాదగా మాటాడు బావా. వింటన్నాడు."

టీ వచ్చిందని ఎవరూ పిలవకముందే బావ టీకి వెళ్ళిపోయాడు.

మా పనిలో మార్కు ఊరికే పెట్టరు. ఫలానా మనిషి ఇక్కడ నిలబడతాడని అనుకుని, దూరం కొలిచి, నేలకి అంటిస్తారు. అంటించాక ఆ మనిషి వచ్చి నిలబడతాడు. అందుకే కదా పెట్టేది. లేని మనిషికి మార్కు పెట్టినవాళ్ళని నేనైతే చూడలేదు.

నాలుగయ్యేసరికి అందరూ టీకి, మూరీకి, అదే మరమరాలకి, బయటికి వెళ్ళారు. కెమెరాని ఒంటరిగా వదలకూడదు కాబట్టి నేను ఉండిపోయాను. లెన్సు మీద అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి ఉంటుంది. ఎదురుగా ఉన్నది ఎంత దూరంలో ఉందో అడుగుల్లో కొలిచి, నా చిన్న తెర మూలన అంకె వేస్తుంది. గది ఖాళీ. ఎదురు గోడ పద్నాలుగు అడుగులు. తెర మీద పద్నాలుగు.

తలుపు మూసుకుంది. చేప వాసన ఆగిపోయింది. వ్యాగన్ల చప్పుడు కూడా దూరమైంది.

పద్నాలుగు... పద్నాలుగు... ఏడు.

తలెత్తి చూశాను. పసుపు టేపు. దాని మీద ఏమీ లేదు. ఏదైనా పురుగు ఎగిరిందేమో అనుకున్నాను. పురుగైతే అంకె గంతులేస్తుంది. ఇది వేయలేదు. ఏడు దగ్గర అలాగే ఉంది. నిలబడమంటే కదలకుండా నిలబడే మనిషిలా.

బావ పనే అనుకున్నాను. "బాగుంది బావా, ఇంక రా," అన్నాను.

ఆరు.

గదిలో కొత్త వాసన. మెషిన్ నూనె, దాని కింద ఖైనీ పొగాకు.

ఐదు... నేల మీద దుమ్ము కదల్లేదు. చప్పుడు లేదు. అంకె మాత్రం నడుస్తోంది.

నాలుగు...

పారిపోవచ్చు. తలుపు నా వెనకే ఉంది. కానీ కెమెరాని వదిలి బయటికి పరిగెత్తిన అమ్మాయికి రేపు చక్రమెవరిస్తారు? నా వెన్నులో చలి పాకింది, నిజమే. దాంతో పాటు ఒళ్ళు కూడా మండింది. సీనియర్ నటులు కూడా మా మార్కు దాటితే మేము చెప్తాం. అది మా పని.

"సార్," అన్నాను. "మీ మార్కు ఏడు. ఎనక్కెళ్ళండి."

నాలుగు. చాలాసేపు నాలుగు.

తర్వాత ఐదు. ఆరు. ఏడు.

నవ్వొచ్చింది. భయమూ వేసింది. రెండూ ఒకేసారి వస్తే ఎక్కిళ్ళలా ఉంటుంది. "ఠీక్ హై," అన్నాను. "అక్కడే ఉండండి."

అక్కడే ఉన్నారు, అందరూ తిరిగొచ్చేదాకా.

తప్పు ఆ తర్వాత చేశాను. ప్రియదర్శిని గారు రిహార్సల్‌కి నడుస్తూ, దారి మధ్యలో ఈ పసుపు మార్కు ఎవరిదని అడిగారు. ఆదర్శ్ గారు నా వైపు చూశారు. ఏం చెప్పను? వంగి టేపు పీకేశాను. ఉండ చుట్టి జేబులో పెట్టుకున్నాక గుర్తొచ్చింది. నిలబడే చోటు లేని మనిషి ఎక్కడికి వెళ్తాడు?

అప్పటికే దీపం వెలిగించారు. బావ తల ఊపాడు. యాక్షన్.

కెమెరా పక్కనే గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆవిడ గుమ్మం దాటారు. పన్నెండు. పదకొండు. పది. చక్రం నా వేళ్ళ కింద మెత్తగా తిరుగుతోంది.

మూడు.

ఆవిడ ఇంకా తొమ్మిది దగ్గరే ఉన్నారు. డబ్బా మూడు అంటోంది. ఆవిడకీ లెన్సుకీ మధ్య ఏదో ఉందంటోంది. డబ్బాని నమ్మితే ఆవిడ ముఖం కరిగిపోతుంది. బొటనవేలితో అంకెని ఆర్పేశాను. పొద్దుటి నుంచి పదిసార్లు నేల మీద కొలత టేపు పరిచి కొలిచింది నేను. దూరం నా చేతికి తెలుసు.

ఎనిమిది...

నా వేళ్ళ మీద వేళ్ళు పడ్డాయి.

పొడిగా ఉన్నాయి. కాయలు కాచిన చర్మం. చల్లగా కూడా లేవు, అదే ఎక్కువ భయం. మనిషి వేళ్ళలాగే ఉన్నాయి. నా చేతి మీద ఏమీ కనబడటం లేదు. చక్రాన్ని దగ్గరికి తిప్పమని నొక్కుతున్నాయి. నాలుగు కన్నా దగ్గరికి. మూడుకి. తను ఉన్న చోటికి.

స్పష్టంగా కనబడాలని.

ఆరు... ఐదు... ఆ వేళ్ళు గట్టిగా నొక్కాయి. నేను అంతకంటే గట్టిగా పట్టుకున్నాను. రెండేళ్ళు పెట్టెలు మోసిన చెయ్యి ఇది. ఎవరి ఫొటో కోరికకో నా షాట్ ఇవ్వను. నా అబద్ధంలోంచి వచ్చిన వాడైనా సరే ఇవ్వను.

"ఒగ్గీ," అన్నాను, పెదాలు కదపకుండా.

వదల్లేదు. నేనూ వదల్లేదు.

నాలుగు. కనురెప్పలు. ఒక్కొక్క వెంట్రుకా.

దీపం ఆరింది. ఆదర్శ్ గారు కట్ చెప్పారు. నా చేతి మీద బరువు పోయింది.

మానిటర్ దగ్గర ఆయన షాట్‌ని పెద్దది చేసి రెండుసార్లు చూశారు. ఫోను తీసి, కోల్‌కతా మనిషి అక్కర్లేదని ప్రొడక్షన్ వాళ్ళకి చెప్పి, రేపు ఏడింటికి ఇక్కడే ఇంకో ఎనిమిది షాట్లున్నాయి, చక్రం నీదే అన్నారు. నేనేమీ జరగనట్టు తల ఊపాను. బావ హెడ్‌ఫోన్లు మెడలోకి లాక్కుని నా పక్కకి వచ్చాడు.

"ఒగ్గీమన్నావు. మైకులో పడింది," అన్నాడు గుసగుసగా. "ఎవరినే?"

ఏడిపించడానికి అంతకన్నా మంచి అవకాశం నా జన్మలో దొరకదు. ఎందుకో జేబులో చెయ్యి పెట్టి ఆ పసుపు టేపు ఉండని నొక్కుకున్నాను.

ఇంతలో ఆదర్శ్ గారు ప్రియదర్శిని గారిని మెచ్చుకుంటున్నారు. పెదాలు కదిలినట్టే తెలియకుండా దీపం భలే ఊదారట. ఆవిడ చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ ఆగిపోయారు.

"నేను ఊదలేదు కదా," అన్నారు. "ఊపిరి పీలుస్తున్నాను, అంతే. మీవాళ్ళే అటు నుంచి ఊదేశారనుకున్నాను."

అందరూ నా వైపు చూశారు. దగ్గరి షాట్‌లో ఫోకస్ పుల్లర్ ఊపిరి కూడా తీసుకోదు, ఇక ఊదేదేముంది. ఆ సంగతి ఆదర్శ్ గారికి తెలుసు. మళ్ళీ టేకు చేద్దామా అని ఆయన అడగబోతుంటే అవసరం లేదన్నాను. ఫోకస్ బాగుంది, నాది. రేపు ఏడింటికి అందరికన్నా ముందు వస్తానని కూడా అన్నాను, కొంచెం గట్టిగానే, ఆ గదిలో ఎవరైనా వినాలన్నట్టు.

ఆవిడ రైలుకి వెళ్ళాక, చివరి పది సెకన్లు ఒక్కొక్క ఫ్రేమే జరుపుతూ నేనొక్కదాన్నే చూశాను. దీపం జ్వాల ఆవిడ వైపు వాలి ఆరిపోయింది. వత్తి నుంచి పొగ లేచి, నీలం వెలుగులో సన్నగా, తిన్నగా కెమెరా వైపు వచ్చింది. మూడు అడుగుల దగ్గర పొగ రెండుగా చీలింది. దేన్నో చుట్టుకుని, ఇవతల మళ్ళీ కలిసింది.

చీలిన మేర అంతా గుండ్రంగా ఉంది. మనిషి తలంత. కింద ఒక చోట మాత్రం పొగ చిన్న చిన్న సుడులు తిరుగుతూ లోపలికీ బయటికీ పోతోంది... నింపాదిగా, ఎవరో ఊపిరి పీల్చి వదులుతున్నట్టు.