పదకొండు శాతం భయం

దివిసీమలో పెళ్లికూతురి సారెలో బిందెతో పాటు చేతిరేడియో కూడా పెట్టడం మొదలై అప్పటికి ముప్పై ఏళ్లు. 2080 నాటికి సముద్రం ఊళ్లలోకి వచ్చి తిష్ట వేసింది. సెల్ టవర్లు తుపాను తుపానుకూ అరటిచెట్లలా పడిపోయేవి. అందుకని ఇంటింటా ఒక హామ్ రేడియో, ఆకాశంలో మూడు కిలోమీటర్ల ఎత్తున తాడుతో కట్టిన తెల్లటి బెలూను. ఆ బెలూనులో రిపీటరు ఉండేది. చేతిరేడియో గొంతు పట్టుమని పది కిలోమీటర్లు పోదు. రిపీటరు ఆ గొంతును అందుకుని, బలం పోసి, మళ్లీ పలికి రెండు వందల కిలోమీటర్ల దాకా వినిపించేది.

దూరం పెరిగింది, దాంతో పాటు తొక్కిసలాటా పెరిగింది. నాలుగు వందల మంది ఒక్కసారి మీట నొక్కితే గరగర తప్ప ఏమీ వినపడదు కదా. ఆ చిక్కును విప్పింది కొల్లాటి అనసూయ పదేళ్లు కూర్చుని చేసిన ఆర్తిమాపని. అది బెలూను చుట్టూ ఉన్న యాంటెన్నాలతో గొంతులను దిక్కుల వారీగా విడదీసి వినేది. వణుకు ఎంత, ఊపిరి ఎక్కడ తెగుతోంది అని కొలిచి, ఏ గొంతులో ఎంత శాతం భయం ఉందో తేల్చేది. మాట అబద్ధం ఆడుతుంది గాని గొంతుక ఆడదని అనసూయ నమ్మకం. భయం ఎక్కువున్న వాళ్లకే మొదటి పడవ. అంతకు ముందు తుపానులో ఒక అధికారి మొదటి పడవను తన వియ్యంకుడి ఇంటికి పంపాడు. అందుకే జాబితాను మనిషి చెయ్యి ముట్టకూడదని పట్టుబట్టి తాళం వేయించింది కూడా ఆమే.

కార్తీకంలో వచ్చిన తుపాను రోజు మధ్యాహ్నం రెండింటికి అనసూయ కూర్చున్న సహాయ కేంద్రంలో తెర మీద నాలుగు వందల పన్నెండు పిలుపులు ఉన్నాయి. గాలిపడవలు ఏడే, అవీ వెళ్లినవి ఒక్కొక్కటిగా తిరిగి రావాలి. రెండు వందల పద్నాలుగో వరుసలో అనసూయకు తెలిసిన గొంతు ఒకటి వినిపించింది.

"ఏటిమొగ షెల్టరు, సుందరం. పడమటి పునాది కుంగింది. నీరు రెండో మెట్టు మీద ఉంది. అరవై మూడు మందిమి. అరగంటకు మించి ఆగదు. ఓవర్."

పన్నెండో ఏట ఆమె చేతికి మైకు ఇచ్చిన మాస్టారాయన. గొంతు వణికితే మాట విరుగుతుంది, మాట విరిగితే ప్రాణం పోతుంది అని వేళ్ల మీద స్కేలుతో కొట్టి మరీ నేర్పాడు.

"ఈ పిలుపును పైకి తీసుకురా," అని యంత్రాన్ని అడిగింది.

"భయం పదకొండు శాతం. ఇది వాతావరణ నివేదిక."

"నివేదిక కాదు. అక్కడ మనుషులు మునిగిపోతున్నారు."

"మునిగేవాళ్లు ఇలా మాట్లాడరు. మీరు నేర్పిన లక్ష గొంతుల్లో ఇలాంటిది ఒక్కటీ లేదు."

అది నిజమే. మాస్టారిలా వణక్కుండా మాట్లాడే హామ్ ఆపరేటర్ల గొంతులు కొలతకు అందడం లేదని తానే తీసి పక్కన పెట్టింది. యంత్రాన్ని ఆపేద్దామంటే మళ్లీ గరగరే, మాస్టారి గొంతు ఎవరికీ అందదు. ఇక ఆగలేక మైకు అందుకుంది.

"మాస్టారూ, మీరు ఏడవాలి. ఏడిస్తేనే పడవ వస్తుంది."

"యాభై ఏళ్లయిందమ్మా ఆ పని మానేసి. ఇప్పుడు రమ్మంటే ఎలా వస్తుంది?" అన్నాడాయన.

భయపడిన వాళ్లెవరికైనా మైకు ఇవ్వమంది. ఇక్కడ భయపడిన వాళ్లెవరూ లేరని, పడవ వస్తోందని తాను చెబితే అందరూ నమ్మి కూర్చున్నారని ఆయన చెప్పాడు. స్పీకరు గట్టిగా పెట్టమని అడిగింది అనసూయ. పెట్టాడు.

"అక్కడున్న అందరికీ చెబుతున్నాను. మీకు పడవ రావడం లేదు. జాబితాలో మీరు రెండు వందల పద్నాలుగు."

అరవై గొంతులు ఒక్కసారి పగిలాయి. ఎవరో తల్లి బిడ్డ పేరు పెట్టి కేకలు వేసింది. భయం తొంభై తొమ్మిది శాతం, వరుసలో ఒకటి. డెబ్బై మంది పట్టే పెద్ద పడవ ఏటిమొగకు బయల్దేరింది. అనసూయ కళ్లు తుడుచుకుని తలెత్తేసరికి తెరంతా ఎర్రబడుతోంది.

గాలికి తలుపులుండవు, రేడియోలో ఒకరితో అన్నది ఊరందరితో అన్నట్టే. ఇది మాస్టారు చెప్పిన మొట్టమొదటి పాఠం. కంగారులో దాన్నే మరిచింది. ఏడిస్తే పడవ వస్తుందన్న మాట రెండు వందల కిలోమీటర్ల మేర విన్నారు. ఇప్పుడు నాలుగు వందల గొంతులూ ఏడుస్తున్నాయి, తొంభై ఏడు, తొంభై ఎనిమిది. ఇందాకటి దాకా మొదటి వరుసలో ఉన్న పాతలంక ఆవిడ, మెళ్లో రేడియోతో కొబ్బరిచెట్టును పట్టుకుని వేలాడుతున్నావిడ, ఎనభై ఏడో వరుసకు జారిపోయింది. రెండో వరుసలోకి ఎక్కిన గొంతు విని అనసూయ కుర్చీలోంచి లేచింది.

"మునిగిపోతున్నాం, మా ఇంటికి పంపండి, మునిగిపోతున్నాం..."

అది ఆమె భర్త మోహనరంగం. వాళ్ల ఇల్లు మెరక మీద రెండంతస్తుల మేడ. గడప కూడా తడవదు. ఆమెకు ఒళ్లు మండింది, సిగ్గూ వేసింది. గొంతుక అబద్ధం ఆడదన్నది తనే కదా.

"అనసూయా," మాస్టారి గొంతు వచ్చింది, అదే పదకొండు శాతంతో. "దాన్ని ఆపెయ్యి. నేను పిలుస్తాను."

ఆమె తాళం పగలగొట్టి ఆర్తిమాపనిని ఆపేసింది. గరగర గదిని నింపింది. ఆ గరగరలోనే ఆయన ఒకే మాటను, ఒకే స్థాయిలో, ఏడుసార్లు చెప్పాడు. అందరూ మీట వదలండి. వాళ్లంతా చిన్నప్పటి నుంచి రేడియోలో విన్న గొంతు అది. ఒక్కొక్కరే వదిలారు.

"ఇప్పుడు ఎవరి కష్టం వాళ్లు చెప్పొద్దు. మీ కంటికి కనబడుతున్న పక్కవాడి కష్టం చెప్పండి. పక్కన ఎవరూ లేనివాళ్లు ఆఖర్న చెబుదురుగాని."

చానెలు మూగబోయింది. నాలుగు వందల మంది ఉన్నారక్కడ. అనసూయ గోడ గడియారంలో ఇరవై సెకన్లు లెక్కపెట్టింది. అప్పుడు పాతలంక నుంచి ఎవరో కొబ్బరిచెట్టు ఆవిడ సంగతి చెప్పారు. ఒక పడవ కదిలింది.

రెండోది మోహనరంగం గొంతు. ఏడుపు లేదు, తడబాటు లేదు.

"మా వీధి చివర పల్లంలో అబ్దుల్ రవూఫ్ గారని ఒక పెద్దాయన. కాళ్లు నడవవు. ఒక్కడే ఉంటాడు. నీళ్లు కిటికీ దాకా వచ్చాయి. మా మేడ మీంచి ఆయన చెయ్యి కనబడుతోంది. ఓవర్."

అనసూయ చిరునామా రాసుకుని పడవను పంపింది. పంపాక పెన్ను కిందపెట్టి చాలాసేపు తెర వంక చూసింది. ఇందాక ఏడ్చినప్పుడూ ఆ చెయ్యి అతనికి కనబడుతూనే ఉంది.