ఒక్క అభ్యంతరం

"నాలుగింటికి బుషైనా సెనేట్ గ్యాలరీలో కూర్చుని ఉండాలి. అడ్డొచ్చినవాణ్ని నువ్వు చూసుకో," అన్నాడు చీఫ్.

ఏజెంట్ బ్రానిగన్‌కి ఆ మాత్రం బ్రీఫింగ్ చాలు. సోమవారం సమ్రాన్ దేశపు జైల్లో బుషైనా తమ్ముడు ముంతసిర్‌ని ఉరి తీస్తారు. జైళ్లలో చిత్రహింసల గురించి వ్యాసం రాయడమే అతని నేరం. ఖైదీల్ని వదిలేదాకా ఆ దేశానికి ఆయుధాలు ఆపేసే బిల్లు కింది సభ దాటింది, ఇక మిగిలింది సెనేట్. రేపటినుంచి నెల సెలవులు. ఓటింగుకి టైము లేదు కాబట్టి ఏకగ్రీవంగా గట్టెక్కించాలి. ఒక్క సభ్యుడు అడ్డం చెప్పినా గోవిందా! అక్క ఎదురుగా కూర్చుంటే ఎవడు మాత్రం ఏ మొహంతో అడ్డం చెబుతాడని చీఫ్ ధీమా. సమ్రాన్ గూఢచారుల భయమూ అదే.

బుషైనాతో రైలు దిగి స్టేషన్లో కాఫీ కొనుక్కుంటుంటే ఆకుపచ్చ సిల్కు గౌనులో డెలియా ఎదురైంది. సమ్రాన్ ఎంబసీలో ఉద్యోగం చేస్తూ బ్రానిగన్‌కి కబుర్లు మోసే సొగసుకత్తె.

"చెర్రీలు ఇంకా పూయలేదేం?" అని నవ్వి, ఆగకుండా వెళ్లిపోయింది.

కాఫీలో విషం ఉందని కోడ్. బుషైనా పెదాలదాకా వెళ్లిన కప్పుని బ్రానిగన్ లాగి అవతల పారేశాడు. కౌంటర్ వెనకాల ఏప్రన్ కట్టుకున్నవాడు పరుగందుకున్నాడు. నాలుగంగల్లో వాణ్ని బోర్లా పడేసి సంకెళ్లు బిగించాడు.

"మా ఊళ్లో అయితే కనీసం యాలకులైనా వేసి చంపుతారన్నా," అంది బుషైనా.

నాలుగింటికి ఇంకా రెండు నిమిషాలు. గ్యాలరీ గుమ్మం దగ్గర తుపాకీ, ఫోను, కెమెరా కళ్లజోడు అన్నీ పెట్టించేసుకున్నారు.

"లోపల మాట్లాడకూడదు, లేవకూడదు," అన్నాడు గార్డు.

గ్యాలరీ కింద సభలో సెనేటర్లు అయిదుగురే ఉన్నారు. బిల్లు చదివారు.

"అభ్యంతరం లేకపోతే..."

తెల్లజుట్టు సెనేటర్ ఒకాయన లేచాడు. సమ్రాన్‌కి అమ్మే క్షిపణులు తయారయ్యేది ఆయన రాష్ట్రంలోనే. తల పైకెత్తకుండా చేతిలో చీటీ చూసి, "అభ్యంతరం ఉంది," అని చదివి కూర్చున్నాడు. కారణం చెప్పలేదు. చెప్పాలనే నియమమూ లేదు.

అయిపోయింది. అంతే!

"ఆయన నన్ను చూడనేలేదన్నా! ఒక్కసారి ఇటు చూడమను," అంది బుషైనా.

గార్డు పెదాలమీద వేలు పెట్టుకున్నాడు. ఏజెంటట, ఏజెంటు! విషాన్ని ఆపినవాడు ఆ ఒక్క మాటని ఆపలేక కుర్చీకి అతుక్కుపోయాడు.

వరండాలో ఆ సెనేటరే ఎదురొచ్చాడు. విమానానికి తొందరలో ఉన్నా ఆగి, బుషైనా చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు.

"మీ తమ్ముడి కోసం మా ఇంటిల్లిపాదీ రోజూ ప్రార్థన చేస్తున్నామమ్మా."

"సోమవారం పొద్దున్నదాకా చేస్తే చాలు లెండి," అంది బుషైనా.