క్లీవ్‌లాండ్‌లో మావాళ్ళెవరూ లేరు

ఆ శనివారం ఉదయం దామోదర్ తను కలుపుకున్న కాఫీ తనే తాగలేకపోయాడు. పాలు పొంగి స్టవ్ మీద పడ్డాయి, పంచదార రెండుసార్లు పడింది. "ఈవిడ షికాగో వెళ్ళడమెందుకో, నాకీ కషాయమెందుకో" అని విసుక్కుంటూ కప్పు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. డెట్రాయిట్ పక్కనున్న ఈ ట్రాయ్‌లో మే నెల వచ్చిందంటే గడ్డికి పట్టపగ్గాలుండవు. ఒక్క వారం కొయ్యకపోతే పక్కింటివాళ్ళ పలకరింపులో కూడా తేడా వచ్చేస్తుంది.

మీనాక్షి వెళ్ళింది పురుడు పొయ్యడానికి. స్నేహితుడు రామమోహన్ కూతురు రేణుకి షికాగోలో నెలలు నిండాయి. చుట్టుపక్కల తెలుగు కుటుంబాల్లో ఎవరికి కాన్పయినా కాయం డబ్బా, వాము పొట్లం సంచీలో వేసుకుని బయల్దేరే మనిషి మీనాక్షి. కాళ్ళ మీద పడుకోబెట్టుకుని ఆవిడ నీళ్ళు పోస్తే ఏడ్చే పిల్లలు కూడా నిద్రపోతారని పేరు. ఆవిడకి డ్రైవింగ్ రాదు కాబట్టి బుధవారం సాయంత్రం దామోదరే డెట్రాయిట్ బస్ స్టేషన్లో దింపి వచ్చాడు.

అందరి పిల్లలకీ పురుళ్ళు పోసే ఆ ఇల్లాలికి సొంత కూతురు ఒకతి ఉంది. పేరు విద్య. రెండేళ్ళ క్రితం ఆ పిల్ల రాజ్ అనే కుర్రాణ్ణి పెళ్ళి చేసుకుంది. రాజ్ వాళ్ళది దక్షిణ అమెరికాలో గయానా. ముత్తాతలెవరో చెరకు తోటల్లో కూలికని ఓడెక్కి వెళ్ళారట. ఏ ఊరివాళ్ళో, ఏ కులమో ఆ కుర్రాడికే తెలియదు. ఆ తెలియకపోవడాన్నే దామోదర్ సహించలేకపోయాడు. "నాకు కూతురు లేదు" అన్నాడు. అన్నవాడు మర్నాడైనా వెనక్కి తీసుకోవచ్చు. కానీ తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. విద్యా, రాజ్ క్లీవ్‌లాండ్‌లో కాపురం పెట్టారు కనుక ఆ ఊరి పేరు కూడా ఆ ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. టీవీలో వాతావరణం చెబుతూ క్లీవ్‌లాండ్‌లో వాన అంటే లేచి చానెల్ మార్చేసేవాడు.

వంటింటి గోడ మీద ఫోన్ మోగింది. మీనాక్షే అనుకున్నాడు. కాదు, క్రెడిట్ కార్డు బ్యాంకు నుంచి ఎవరో అమ్మాయి.

"సర్, సెక్యూరిటీ డిపార్ట్‌మెంట్ నుంచి మాట్లాడుతున్నాను. మీ అకౌంట్ మీద ఉన్న రెండో కార్డు ఎక్కడుందో చెప్పగలరా?"

"అది నా భార్య దగ్గరుంటుంది. ఎమర్జెన్సీకని ఇచ్చాను. ఆవిడ ఎప్పుడూ వాడదే?"

"అందుకే అనుమానం వచ్చి చేస్తున్నాను. మూడు రోజులుగా ఆ కార్డు మీద మోటెల్ బిల్లు, మందుల షాపు బిల్లు వచ్చాయి. ఇప్పుడు పిల్లల బట్టల షాపు నుంచి అడుగుతున్నారు. అన్నీ క్లీవ్‌లాండ్‌లోనే."

దామోదర్ చేతిలో కప్పు గట్టు మీద పెట్టేశాడు.

"ఏం బట్టలు?" అన్నాడు.

"నెలలు నిండకుండా పుట్టిన పాపకి వేసే గౌనట సర్. కార్డు ఇచ్చినావిడ ఇంకా కౌంటర్ దగ్గరే ఉన్నారు. చీర కట్టుకుని ఉన్నారని షాపువాళ్ళు చెబుతున్నారు. మీ భార్యేమో కదా?"

మోటెల్, మందులు, పాప గౌను, చీర. తనలాంటి ఇంజనీరుకి ఇంతకంటే లెక్క చెప్పాలా? కూతురికి బిడ్డ పుట్టింది. తను తాతయ్యాడు. ఆ కబురు ముక్కూ మొహం తెలియని బ్యాంకు అమ్మాయి చెబితే తెలిసింది. షికాగో అని బస్సెక్కిన మనిషి తన కళ్ళు కప్పి క్లీవ్‌లాండ్ వెళ్ళింది. గుండెలో ఏదో కదిలిన మాట నిజమే. దాని వెనకే కోపం వచ్చి దాన్ని తొక్కేసింది. పైగా ఈ గొడవంతా ఈ పిల్లకెలా చెబుతాడు? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది.

"సర్? మీ భార్య అక్కడున్నారా?"

"నా భార్య షికాగోలో ఉంది" అన్నాడు దామోదర్. "క్లీవ్‌లాండ్‌లో మావాళ్ళెవరూ లేరు."

"ఖచ్చితంగా చెబుతున్నారా?"

"ఎవరూ లేరని చెప్పాను కదా."

"థాంక్యూ సర్. కార్డు ఆపేసి, తగిన చర్య తీసుకుంటాం."

ఆ చర్య ఏమిటో ఆయన అడగలేదు. కార్డు లాక్కుంటారు, చేతిలో డబ్బు ఆడక మీనాక్షి తిరుగు బస్సెక్కుతుంది, వచ్చాక కడిగేద్దాం. ఆయన అనుకున్నది అంతే. షెడ్‌లోంచి మోవర్ లాగి, గడ్డి మీద పడ్డాడు. ముందు కోశాడు, వెనక కోశాడు, కోసిన చోటే మళ్ళీ కోశాడు. ఆ మోతలో లోపల ఫోన్ మోగి మోగి ఊరుకున్న సంగతి ఆయనకి తెలియలేదు.

చెమట తుడుచుకుంటూ లోపలికి వచ్చేసరికి మళ్ళీ మోగుతోంది. ఈసారి క్లీవ్‌లాండ్ పోలీసు.

"మీ దొంగతనం కేసు సర్. దొరికినావిడ దగ్గర లైసెన్సు లేదు, ఏ గుర్తింపు కాగితమూ లేదు. మీ భార్యనంటోంది. పొద్దున్నుంచీ ఏడుస్తోంది."

గ్రీన్‌కార్డులు పోతాయేమోనని ఇద్దరివీ బ్యాంకు లాకర్‌లో దాచింది దామోదరే.

"దొంగేమిటి! ఆవిడ నా భార్యే. వదిలెయ్యండి, వెంటనే వదిలెయ్యండి."

"మరి బ్యాంకుతో అలా ఎందుకన్నారు సర్?"

"పొరపాటయింది" అన్నాడు దామోదర్.

పోలీసు చెప్పిన ఆస్పత్రి పేరు రాసుకుని, గడ్డి మరకల చొక్కాతోనే కారెక్కాడు. దారిలో టొలీడో ఊరు దాటేదాకా మీనాక్షిని తిట్టుకుంటూనే ఉన్నాడు. ఒక్క మాట చెబితే ఇంత జరిగేదా అని. చెబితే తనేమనేవాడో ఆయనకీ తెలుసు. అందుకే టొలీడో దాటాక తిట్టడం కూడా చేతకాలేదు.

ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది మీనాక్షి. జడ ఊడిపోయింది. ఎప్పుడూ పక్కనుండే సంచీ కూడా లేదు. ఆయన్ని చూసి లేవలేదు.

"ఏమిటీ పని మీనాక్షీ? నాతో అబద్ధమాడి..."

"పాప పోయిందండీ."

దామోదర్ చూపు ఎదురుగా ఉన్న గది తలుపు వైపు పోయింది.

"రెండు నెలలు ముందే పుట్టింది. పిడికెడు లేదు. నిన్నటిదాకా బాగానే ఉంది, నా వేలు కూడా పట్టుకుంది. పొద్దున్న నర్సు ఒక గౌను తెచ్చుకోమంటే, గంటలో వచ్చేస్తానమ్మా అని విద్యకి చెప్పి వెళ్ళాను." మీనాక్షి గొంతు ఎక్కడా హెచ్చలేదు. అరిచి ఉంటే ఆయనకి కొంత నయంగా ఉండేది. "షాపు వెనక ఒక గదిలో కూర్చోబెట్టారు. ఆస్పత్రిలో మనవరాలుందని చెప్పాను. దొరికినవాళ్ళందరూ ఏదో ఒకటి చెబుతారన్నారు. ఇంటికి ఫోన్ చెయ్యమని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. చేశారు. మీరు ఎత్తలేదు."

"గడ్డి కోస్తున్నాను" అన్నాడు. ఆ మాట ఆయన చెవికే అసహ్యంగా వినిపించింది.

"మొగుడి పేరేమిటన్నారు. ఇన్నేళ్ళలో మీ పేరు నా నోటితో పలకలేదు. ఇవాళ పోలీసు ముందు నిలబడి పలికాను. దామోదర్ గారి భార్యని బాబూ అన్నాను. బ్యాంకువాళ్ళు ఆయన్నే అడిగారమ్మా, క్లీవ్‌లాండ్‌లో మావాళ్ళెవరూ లేరన్నారు అన్నాడు." ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. "నిజంగా అన్నారా?"

దామోదర్ తల దించుకున్నాడు.

"నేను వచ్చేసరికి అయిపోయింది" అని మీనాక్షి మొహం గోడవైపు తిప్పేసుకుంది.

విద్య గది తలుపు దగ్గరికి ఎలా వెళ్ళాడో ఆయనకే తెలియదు. లోపల మంచం మీద విద్య ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన డ్యూటీ యూనిఫామ్‌లోనే ఉన్న సన్నటి కుర్రాడు. తను రెండేళ్ళుగా చూడకుండానే ద్వేషించిన రాజ్ ఇతనే అయ్యుండాలి. ఆయన్ని చూసి అతను లేచి కుర్చీ జరిపాడు. "సిట్ డౌన్, అంకుల్" అన్నాడు మెల్లగా. దామోదర్ కూర్చోలేకపోయాడు.

విద్య ఒళ్ళో తెల్ల దుప్పటి ఉంది. అందులో పాప ఉందని గ్రహించడానికి ఆయనకి కొంచెంసేపు పట్టింది.

"నాన్నా" అంది విద్య. ఏడిచి ఏడిచి గొంతు పోయింది. "నర్స్ అడిగింది, పాప టైర్డ్ అయిపోతోంది, ఎవరైనా రావాలా అని. అమ్మ వస్తోంది, జస్ట్ వెయిట్ అన్నాను. పాపకి కూడా చెప్పాను. అమ్మమ్మ వస్తోంది, వెయిట్ చెయ్యి అని. రాజ్‌ని వర్క్ నుంచి పిలిచేలోపే..."

"విద్యా, నేను..."

"సారీ చెప్పొద్దు నాన్నా. ప్లీజ్. ఐ కాంట్ హియర్ ఇట్ నౌ." దుప్పటి కొంచెం దగ్గరికి లాక్కుంది. "దీనికి బట్టలు లేవు. హాస్పిటల్ వాళ్ళ గౌను ఇచ్చారు, అది చాలా పెద్దది. అందులో పాప కనబడ్డమే లేదు. నాకది వద్దు."

ఆ షాపు ఎక్కడని దామోదర్ రాజ్‌ని అడిగాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. ఆయనకి తెలుసు. కానీ ఆ పూట ఆయన చెయ్యగల పని అదొక్కటే.

షాపు వీధి చివరే. కౌంటర్ వెనక కాలేజీ వయసు పిల్ల. మాటకి ముందు నవ్వే రకం. నెలలు నిండని పాపకి గౌను కావాలనేసరికి కింద నుంచి ఒక ప్యాకెట్ తీసింది.

"ఇంత చిన్న సైజులో ఇదొక్కటే ఉంది సర్. మీ అదృష్టం, ఇది పొద్దున్నే అమ్ముడుపోవాల్సింది. ఎవరో ఒకావిడ దొంగ కార్డుతో కొనబోయి పట్టుబడింది. ఇలాంటివి కూడా దొంగిలిస్తారా అనుకున్నాం మేమంతా."

"ఆవిడ దొంగ కాదు" అన్నాడు దామోదర్. "నా భార్య. ఆ కార్డు మాదే. అబద్ధం చెప్పింది నేను."

ఆ పిల్ల మొహంలో నవ్వు పోయింది. ఏమనాలో తెలియక ప్యాకెట్ అటూ ఇటూ తిప్పింది. జేబులో ఉన్న నోట్లన్నీ ఆయన కౌంటర్ మీద పెట్టాడు. వాటిలోంచి కావలసినంత తీసుకుని మిగతావి ఆ పిల్లే వెనక్కి జరిపింది. ఏదో ఒక మంచి మాట చెప్పి పంపాలనుకుంది కాబోలు.

"అయితే ఈ గౌను మీ మనవరాలికా? కంగ్రాచ్యులేషన్స్ సర్!"

ఆయనని తాతయ్యా అని పిలిచేవాళ్ళు ఇక లేరు. తాతవయ్యావని ఆయన్ని అభినందించిన మనిషి లోకంలో ఈ ఒక్క పిల్లే. "థాంక్స్ అమ్మా" అని తెలుగులోనో ఇంగ్లీషులోనో అని, బయటికి వచ్చి, కారులో స్టీరింగ్ మీద తల పెట్టుకుని బిగ్గరగా ఏడ్చాడు. దారిన పోయేవాళ్ళు చూసినా ఆపుకోలేదు.

తిరిగి వచ్చేసరికి మీనాక్షి గదిలోనే ఉంది, కూతురి పక్కన. ఆయన ప్యాకెట్ ఆవిడకి అందించబోయాడు. ఆవిడ అందుకుని, విప్పలేక మంచం మీద పెట్టేసింది. విద్య అది చూసింది. తల్లిని చూసి, తండ్రిని చూసి, చివరికి దుప్పటి మడత విప్పింది.

"అమ్మ వల్ల కాదు. నావల్ల కూడా కాదు. నువ్వే వెయ్యి నాన్నా."

దామోదర్ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మనవరాల్ని అప్పుడు చూశాడు. నుదురు విద్యదే. జుట్టు మాత్రం ఒత్తుగా, రాజ్‌లా ఉంది. చెయ్యి తన బొటనవేలంత. ఎంత ప్రయత్నించినా ఆ చెయ్యి ఆ చిన్న గౌను చేతిలోకి దూరడం లేదు. నీళ్ళు నిండి ఆయనకి కళ్ళు కనిపించడం లేదు. గట్టిగా పట్టుకుంటే ఎక్కడ నొప్పెడుతుందోనని వేళ్ళ కొసలతోనే పట్టుకున్నాడు.

పక్కనుంచి మీనాక్షి చెయ్యి వచ్చి గౌను అంచు పట్టుకుంది.

"మెల్లగా" అంది. "మెడ నిలవదండీ. కింద చెయ్యి పెట్టండి."

ఆయన పాప మెడ కింద చెయ్యి పెట్టాడు.