ఒంటిగంటా నలభైకి లేచే గది

మూడో అంతస్తులో వరండా చివరి గది మాటెత్తితే ఆ భవనంలో పెద్దవాళ్ళకే గుండె జారేదట. రాత్రి ఒంటిగంటా నలభై కాగానే, తాళం వేసిన ఆ గదిలో... ఏదో లేచేది. ముందు హుమ్మంటూ ఊపిరి. తర్వాత తలుపు కింద నీలి వెలుగు. తలుపు దగ్గర తెల్లటి ఆకారం చూశామన్నవాళ్ళూ ఉన్నారు.

ఆ గది ఒక వీడియో ఎడిటరుది. డ్యూటీ దిగి రాత్రి రెండింటికి ఇంటికొచ్చి, తెల్లారేదాకా అక్కడ సొంత పని చేసుకునేవాడు. ఏడాది కింద ఒక రాత్రి బయల్దేరాడు గానీ ఇల్లు చేరలేదు. దారిలో లారీ గుద్దింది.

భార్య ఆ ఇంట్లోనే ఉండిపోయింది. నిద్ర లేక చిక్కి సగమైంది. దెయ్యం భయమేనని అందరూ తేల్చేశారు.

అతని తమ్ముడు కంప్యూటర్ మెకానిక్కు. మొరాయించే పాత డబ్బాలను పరుగులు పెట్టించడంలో చెయ్యి తిరిగినవాడు. దెయ్యం లేదు, గియ్యం లేదు, వదిన బతకాలంటే ఆ గది సంగతి తేల్చాల్సిందే అనుకున్నాడు. ఓ రాత్రి ఆమెకు చెప్పకుండా తాళం తీసి, లోపల తలుపు మూసుకుని చీకట్లో కూర్చున్నాడు.

ఒంటిగంటా నలభై...

క్లిక్కుమంది. అన్నయ్య కంప్యూటరు దానంతటదే లేచింది. ఫ్యాన్లు మూడుసార్లు రొప్పి, తగ్గి, సన్నగా మూలగసాగాయి. తమ్ముడికి ముచ్చెమటలు పోశాయి. అయినా సెట్టింగులు తెరిచాడు.

దెయ్యం అక్కడే దొరికింది — రోజూ ఆ టైముకి ఆన్ అవ్వాలని అలారం. ఎవరూ ముట్టుకోకపోతే అరగంటలో ఆగిపోవాలని ఇంకో ఏర్పాటు. ముసలి డబ్బా దారికి రావడానికి పావుగంట పట్టేది కదా, తను వచ్చేసరికి సిద్ధంగా ఉండాలని అన్నయ్య పెట్టుకున్నాడు.

నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. అంతటితో ఊరుకున్నాడా, చేతి దురద. అందరి డబ్బాలకూ చేసినట్టే, ముందు అన్నీ ఫ్యాక్టరీ సెట్టింగులకు తిప్పేశాడు. మెమరీ వేగం పెంచాడు, ఫ్యాన్ల రొద అణిచాడు. ముట్టుకునే ముందు పాత సెట్టింగుల అంకెలు ఫోటో తీసుకోవడం ఆ పనిలో అందరి అలవాటు. కంగారులో ఆ రాత్రి తీయలేదు. డబ్బా ఇప్పుడు పది సెకన్లలో లేస్తోంది. తృప్తిగా కట్టేశాడు.

వెలుగు ఆరింది. తలుపు అవతల... ఒక గుసగుస.

"ఏమండీ... ఇవాళ అప్పుడే వెళ్ళిపోతున్నారా?"

వదిన గొంతు. తలుపు సందులోంచి చూస్తే, తెల్ల దుప్పటి కప్పుకుని నేల మీద కూర్చుని ఉంది. ఏడాదిగా ప్రతి రాత్రీ అక్కడే కూర్చుంటోంది. భయంతో కాదు. ఆ అరగంట కోసమే పగలంతా ఎలాగో ఈడుస్తోంది.

ఆమె లేచి వెళ్ళేదాకా తమ్ముడు కొయ్యబారి నిలబడ్డాడు. దెయ్యాన్ని వదిలించడానికి వచ్చినవాడే, మళ్ళీ అలారం పెట్టాడు. ఫ్యాన్లను మునుపటిలా మూలిగించే అంకెలు మాత్రం ఎంత తన్నుకున్నా అందలేదు.

మర్నాటి రాత్రి వరండా మలుపులో నక్కి చూశాడు. సరిగ్గా ఒంటిగంటా నలభైకి తలుపు కింద వెలుగొచ్చింది. ఆ ఊపిరి చప్పుడు లేదు. వదిన తలుపుకి చెవి ఆనించింది. చాలాసేపు విన్నది. తర్వాత మెల్లగా వెనక్కి జరిగింది.

"ఎవరండీ మీరు?"