పదకొండో ఎంజైము

సైంటిస్టు మైక్రోస్కోపు మీద తల వాల్చి ఉన్నాడు. మెడలో సూది. పక్కనే టీ ఇంకా పొగలు కక్కుతోంది.

"పాపం, మందుమొక్క జీనోమ్ మొత్తం చదివాడయ్యా," అన్నాడు చీఫ్. ఆఫీసులో అందరికీ ఆయన మామయ్యే. "గుండెమందుని ఆకు ఎలా తయారు చేస్తుందో కనిపెట్టాడు. పదకొండు జీన్లు, పదకొండు ఎంజైములు. వాటిని ఈస్టులో పెట్టి మందు చేయించాడు."

"పదింటితో ఆపితే?" అడిగాడు ఏజెంటు. కోడ్‌నేమ్ తోడల్లుడు. ఎవరికి తోడల్లుడో ఎవరూ అడగలేదు.

"విషం. పావుగంటలో గుండె ఆగుతుంది. ఫ్రిజ్‌లో రెండూ ఉన్నాయి. మందు సీసా రేపు చమ్కీ ఎత్తుకెళ్తుంది."

చమ్కీ మనకీ, విదేశీ ముఠాకీ పనిచేసే అందగత్తె. సూది గుచ్చిందీ ఆమే. ల్యాబ్ పక్కగదిలో రిపోర్టులు టైప్ చేస్తోంది.

"పట్టుకొచ్చేదా?"

"తొందరపడకు. రేపు అయిదింటికి గ్రీన్‌హౌస్ పేల్చేస్తారట. ఆ మొక్క ఇంకెక్కడా లేదు. బాంబు ఎక్కడుందో ఆవిడకే తెలుసు."

మర్నాడు ఏసీ మెకానిక్ వేషంలో తోడల్లుడు ఫ్రిజ్ తెరిచి, రెండు సీసాల పేర్లు రాసిన మూతలు అటూ ఇటూ మార్చాడు. పంచదార అని రాసిన డబ్బాలో ఉప్పున్న ఇంట్లో పెరిగినవాళ్ళు మూతను నమ్మరు. సీసాలు కడిగేవాళ్ళూ నమ్మరు, సీసా ఒంటి మీది లేబులే చూస్తారు. చమ్కీ జన్మలో సీసా కడగలేదు. పైనుంచి మూత చూసి పట్టుకుపోయింది.

హోటల్‌లో పక్కగదిలో కూర్చుని తోడల్లుడు విన్నాడు. ఆమె బ్యాగు మీది తళుకుల్లో ఒకటి మైకు.

"అసలు మందేనని ఏంటి గ్యారంటీ?" ముఠా నాయకుడి గొంతు. "ముందు నువ్వు తాగు."

"అబ్బో, ఎంత నమ్మకమో!" నవ్వి గుటకేసింది.

తోడల్లుడు తలుపు కొట్టి ఆపవచ్చు. వాచీ చూసుకున్నాడు.

పదో నిమిషానికి గ్లాసు పగిలింది. నాయకుడు ఆమెను దాటుకుని బయటికి నడిచి, నేరుగా బేడీల్లోకి వెళ్ళాడు. తోడల్లుడు లోపలికొచ్చి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. నాలుగూ యాభై ఎనిమిది.

"బాంబెక్కడ?"

"విరుగుడు... ఇస్తావా?"

"చెప్పు. ఇస్తా."

"మూడో నీళ్ళ డ్రమ్ము... కింద."

ఫోన్ చేశాడు. అటునుంచి పరుగులు, తిట్లు, డ్రమ్ము దొర్లిన చప్పుడు.

"తీసేశాం సార్! రెండే సెకన్లున్నాయి!"

చమ్కీ అతని చొక్కా పట్టుకుంది. "ఏదీ... ఇవ్వు..."

అతను ఆమె వేళ్ళను ఒక్కొక్కటే విడదీశాడు.

"విరుగుడా? అది ఏ మొక్క చేస్తుందో ఇంకా ఎవరికీ తెలీదు చమ్కీ. దొరికితే మొదటి డోసు నీకే."